యంత్రమునకు హస్తవాసి కలదా?

మన పల్లెలలో వైద్యుని గొప్పతనమును కొలుచుటకు నేటికిని వాడుకలో నున్న మాట హస్తవాసి. "ఆయన ఎంత చదివెనో మాకు తెలియదు గాని, చేయి మంచిది" అను ప్రశంసను వినని గ్రామము తెలుగునాట ఉండదు. ఆ యొక్క మాటలో వైద్యుని అనుభవమును, రోగి విశ్వాసమును, ఇరువురి నడుమ ఏండ్ల తరబడి పెరిగిన చనువును ఇమిడి యున్నవి. పట్టా గోడకు వ్రేలాడును. హస్తవాసి రోగుల నోట పుట్టి రోగుల నోటనే పెరుగును. విశ్వవిద్యాలయ మేదియు దానిని ప్రసాదింపజాలదు. ప్రభుత్వ మేదియు దానిని రద్దు చేయజాలదు.

అట్టి చేతిలోనికి ఇప్పుడొక క్రొత్త సాధనము వచ్చి చేరుచున్నది. ఆంగ్ల పరిభాషలో దానిని క్లినికల్ డెసిషన్ సపోర్టు అందురు. మనము చికిత్సా నిర్ణయ సహాయకమని వ్యవహరింతము. రోగి వయస్సు, బాధలు, జ్వరపు డిగ్రీలు, రక్తపుపోటు, రక్తపరీక్షల ఫలితములు మున్నగువానిని దానికి నివేదించినచో, తనయందు ముందుగనే నిక్షిప్తమై యున్న సూత్రములతో సరిపోల్చి, ఈ వ్యాధి కావచ్చుననియు, ఈ పరీక్ష చేయింపుడనియు, ఈ మందును ఆ మందుతో కలిపి ఇయ్యరాదనియు, ఇతనిని వెంటనే పెద్దాసుపత్రికి పంపుడనియు సలహా చెప్పును. నగరములలోని పెద్ద వైద్యశాలలందు అది కంప్యూటరు తెరపై నుండును. పల్లెలలో చేతిపలకపై నుండును. మన యిండ్లలో ట్యాబ్లెట్టనగా మొన్నమొన్నటి వరకు మ్రింగు మాత్రయే. నేడు ఆశా కార్యకర్త సంచిలో రెండు విధములైన ట్యాబ్లెట్లును కానవచ్చుచున్నవి.

ఈ సాధనమునుగూర్చి జరుగు చర్చ యంతయు అది సరిగా చెప్పునా, తప్పు చెప్పునా అను దాని చుట్టును తిరుగుచున్నది. ఆ ప్రశ్న ముఖ్యమే. కాని తక్కువగా వినబడు ప్రశ్న వేరొకటి కలదు. అది సరిగా చెప్పినను, దానిని చేతబట్టిన వైద్యుడు, నర్సు, ఆశా కార్యకర్త తామెవరని తలంచుకొందురు? ఊరివారు వారిని ఎవరని తలంతురు? నిర్ణయము చేయువారనియా, ఎక్కడనో జరిగిన నిర్ణయమును మోసికొని వచ్చువారనియా? ఈ సాధనమువలన కలుగు లాభనష్టములు రెండును ఎక్కువగా ఈ ప్రశ్నకు వచ్చు సమాధానముపైననే ఆధారపడి యున్నవని మా యభిప్రాయము.

ఈ వివాదము నిన్న మొన్నటిది కాదు. ఇంగ్లండులోని లీడ్సు నగరమున డి డాంబల్ అను శస్త్రవైద్యుడును, ఆయన సహచరులును, హఠాత్తుగా కడుపునొప్పితో ఆసుపత్రికి వచ్చిన రోగుల విషయమున కంప్యూటరును పరీక్షించి చూచిరి. 1972లో ప్రకటితమైన వారి నివేదికలో 304 గురు రోగులు కలరు. కంప్యూటరు నూటికి 91.8 వంతున వ్యాధిని సరిగా పోల్చుకొనగా, ఆ జట్టులోని పెద్ద వైద్యుడు నూటికి 79.6 వంతున పోల్చుకొనెను. ఈ అంకెలను మాత్రమే చూచినవారు యంత్రము వైద్యుని ఓడించెనని తలచుట సహజము. కాని ఆ ప్రయోగమున అంతకంటె ఆసక్తికరమైన విశేష మొకటి బయల్పడెను. యంత్రమునకు వివరము లందించుటకై వైద్యులు ప్రతి రోగిని ఒక క్రమము తప్పక ప్రశ్నింపవలసి వచ్చెను. నొప్పి ఎచ్చట మొదలైనది, ఇప్పుడెచ్చట నున్నది, ఏమి చేసిన హెచ్చుచున్నది, వాంతులు కలవా, ఆకలి యున్నదా అని అడిగి, పత్రముపై గుర్తు పెట్టవలెను. పిమ్మట తమ తీర్పు నిజమైనదో కాదో తెలిసికొనవలెను. ప్రయోగము సాగిన కొలది ఆ వైద్యుల సొంత తీర్పులే మెరుగుపడెను. అనవసరముగా కడుపు కోయుట తగ్గెను. ప్రయోగము ముగిసిన పిమ్మట ఆ మెరుగు నిలువలేదు.

అనగా, ఆ వైద్యులకు మేలు చేసినది యంత్రపు జవాబు కంటె యంత్రము పెట్టిన క్రమశిక్షణ యని చెప్పవలెను. గట్టి పంతులు చెంత నున్నంతకాలము పిల్లవాడు ఎక్కములు తప్పక చెప్పును. పంతులు సెలవు పెట్టిన మరునాడు తడబడును. లీడ్సు కథను ఈ దృష్టితో చదువు వారు తక్కువ.

అమెరికాలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున అదే దశాబ్దమున షార్ట్‌లిఫ్ మున్నగువారు మైసిన్ అను కార్యక్రమమును సిద్ధము చేసిరి. రక్తములోను, మెదడు పొరలలోను వ్యాపించు సూక్ష్మజీవుల వ్యాధులకు ఏ మందు ఎంత ఇయ్యవలెనో అది చెప్పును. ఏ సలహా ఎవరిదో తెలియనీయక నిపుణులచేత తీర్పు చెప్పించినప్పుడు, అది అక్కడి ఆచార్యులకు తీసిపోలేదని 1979లో తేలెను. అయినను అది ఏ వైద్యశాలలోను నిత్యోపయోగమునకు రాలేదు. ఆనాటి కంప్యూటర్లు పెద్దవి, నిదానమైనవి. రోగి ప్రక్కన దానిని వాడుటకు అనువు లేదు. దానితోపాటు, తప్పు జరిగిన నెవరు జవాబుదారి యను ప్రశ్నకు కూడ ఎవరును సమాధానము చెప్పలేకపోయిరి. కంప్యూటర్లు అరచేతిలోనికి ఇమిడినవి. రెండవ చిక్కు నేటికిని అట్లే యున్నది.

ప్రతి క్రొత్త పనిముట్టును వైద్యులు తొలుత అనుమానించి, పిమ్మట ఆభరణముగా ధరించిరి కదా, ఇదియు నంతేయని కొందరందురు. 1816లో పారిసు నగరమున లెనెక్ అను వైద్యుడు కాగితమును గొట్టముగా చుట్టి రోగి ఎదపై ఆనించి విన్నాడు. ఆ గొట్టపు సంతానమైన స్టెతస్కోపును మెడలో వేసికొననిదే నేడు మన కంటికి డాక్టరు డాక్టరు కాడు. 1896లో ఇటలీలో రివా-రోచి రక్తపుపోటును కొలుచు పట్టీని కనిపెట్టగా, నాడిపై వ్రేలు పెట్టి తెలిసికొను నేర్పు నశించునని ఆక్షేపించిన వైద్యులు లేకపోలేదు. ఆ పట్టీయే నేడు వైద్యమునకు మారుపేరు. ఈ పోలిక కొంతవరకే చెల్లును. స్టెతస్కోపు వినిపించును గాని అర్థము చెప్పదు. పోటుపట్టీ అంకెను చూపును గాని ఏమి చేయవలెనో చెప్పదు. అవి చెవికిని వ్రేలికిని తోడ్పడినవి. అర్థము చెప్పు పీఠము వైద్యునికే మిగిలినది. ఈ క్రొత్త సాధనము ఆ పీఠముపైననే వచ్చి కూర్చుండ జూచుచున్నది. వైద్యులు కలతపడుటలో అహంకారము కొంత యుండిన నుండవచ్చును. కాని కారణము లేదనరాదు.

ఆ కలతకు రెండు ముఖములు కలవు. మొదటిది విసుగు. 1976లో క్లెమెంట్ మెక్‌డొనాల్డ్ అను వైద్యుడు తమ చికిత్సాలయములో కంప్యూటరు ముందుగ గుర్తుచేసినప్పుడు వైద్యులు చేయదగిన పనిని నూటికి 51 పర్యాయములు చేసిరనియు, గుర్తు చేయనప్పుడు 22 పర్యాయములు మాత్రమే చేసిరనియు చూపెను. వైద్యులు తెలియనివారు కారు, పని యొత్తిడిలో మరచువారు అని ఆయన తాత్పర్యము. ఇది గౌరవమునకు భంగము కలిగింపని సాయము. కాని గుర్తుచేయుట యను మంచిపని, కాలక్రమమున నిమిషమునకొక గంట కొట్టుటగా మారెను. మందుల పొసగమినిగూర్చి కంప్యూటర్లు చేయు హెచ్చరికలలో నూటికి 49 మొదలు 96 వరకు వైద్యులు త్రోసిపుచ్చుచున్నారని 2006లో వెలువడిన సమీక్ష తెలిపెను. పొలమున కట్టిన డబ్బా మ్రోతకు పిట్టలు ఎట్లు అలవాటుపడునో, వైద్యులును అట్లే అలవాటుపడుదురు. మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యశాలలో, అమెరికా యందు విరివిగా అమ్ముడుపోయిన ఒక సెప్సిస్ హెచ్చరిక సాధనమును పరిశీలింపగా, ఆ ప్రాణాపాయస్థితి కలిగిన రోగులలో నూటికి 67 గురిని అది పసిగట్టలేదనియు, అయినను చేరిన రోగులలో నూటికి 18 గురి విషయమున గంట మ్రోగించెననియు 2021లో తేలెను. ఇట్టి సేవకుని చేత నిత్యము హెచ్చరింపబడు వైద్యునకు తన వృత్తిపై గౌరవ మెట్లు నిలుచును?

రెండవది నేర్పు తరుగుట. ఇది విసుగు కంటె చెడ్డది, ఏలయనగా తనకు జరుగుచున్నదని తనకే తెలియదు. పోలండులోని నాలుగు కేంద్రములలో, పెద్దప్రేగును గొట్టముతో పరీక్షించి కేన్సరుగా మారదగిన కణుతులను వెదకు అనుభవజ్ఞులైన వైద్యులకు కృత్రిమ మేధ సాయమును సమకూర్చిరి. ఆ సాయము లేకుండ చేసిన పరీక్షలనే వేరుగా తీసి లెక్కింపగా, అది రాకపూర్వము నూటికి 28.4 పరీక్షలలో కణుతులు కనుగొన్నవారు, అది వచ్చిన పిమ్మట 22.4 పరీక్షలలోనే కనుగొనిరని 2025లో ప్రకటింపబడెను. ఇది వెనుకటి లెక్కలను తీసి చూచిన పరిశోధనయే గాని పందెము వేసి చేసిన ప్రయోగము కాదు. వేరు కారణములు కూడ ఉండవచ్చును. అయినను కఱ్ఱకు అలవాటుపడిన కాలు కఱ్ఱ లేనినాడు తడబడుట మనమెరుగని వింత కాదు.

ఇంతవరకు చెప్పినది డాక్టర్ల సంగతి. కాని మనదేశములో రోగిని మొదట చూచువారు డాక్టర్లు కారు. కోనసీమ లంకలో గాని, ఆదిలాబాదు గూడెములో గాని, బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి తలుపు తట్టబడునది ఆశా వర్కరు ఇల్లో, నర్సమ్మ ఇల్లో, కాదేని ఆరెంపీ డాక్టరు ఇల్లో. ఈ సాధనము పైవారి చేతిలో ఒక విధముగను, వీరి చేతిలో వేరొక విధముగను పనిచేయుచున్నది. ఎక్కువ చదివినవానికి అది తన పీఠమును లాగికొనవచ్చిన పోటీదారు. తక్కువ చదివినవారికి అది అదివరకు దొరకని పీట.

నిజమునకు మన నర్సమ్మలు చాలకాలము నుండియే ఇట్టి సహాయకమును వాడుచున్నారు. అది కాగితముపై నుండెడిది. శిశువుల వ్యాధుల చికిత్సకై ప్రపంచ ఆరోగ్య సంస్థయు, యూనిసెఫ్‌ను 1990 దశాబ్దమున రంగుల పట్టికలను సిద్ధము చేసినవి. రెండు నెలలు మొదలు ఏడాది లోపలి బిడ్డ నిమిషమునకు 50 సార్లు, ఏడాది మొదలు అయిదేండ్ల లోపలి బిడ్డ 40 సార్లు, లేక అంతకు మించి ఊపిరి తీసినచో న్యుమోనియా యని అనుమానింపవలెను. గులాబిరంగు గడిలో పడిన బిడ్డను ఆసుపత్రికి పంపవలెను. పసుపురంగు గడిలో పడిన బిడ్డకు మందు ఇయ్యవలెను. పచ్చరంగు గడిలో పడినచో ఇంటి సంరక్షణము చాలును. ఎక్స్‌రే లేదు, స్టెతస్కోపు లేదు. గడియారమును బిడ్డ రొమ్మును చూచుచు నిమిషమంతయు లెక్కించు ఓపిక కావలెను. ఆ లెక్క నేర్చిన నర్సమ్మకు, తాను చేయుచున్నదేమో తెలియును. ఏల లెక్కించుచున్నదో ఆమె తల్లికి చెప్పగలదు. పట్టిక ఇంటిలో మరచి వచ్చినను ఆమె లెక్క మరువదు.

కాగితపు పట్టికకును చేతిపలకకును గల భేదమిక్కడనే యున్నది. పట్టిక తన తర్కమును పరచి చూపును. ఏ ప్రశ్నకు ఏ జవాబు వచ్చిన ఏ గడికి పోవుదుమో వ్రేలు పెట్టి వెదకవచ్చును. పలక ఒక ప్రశ్న యడిగి, జవాబు పుచ్చుకొని, మరియొక ప్రశ్న యడిగి, చివరకు తీర్పు చెప్పును. నడుమ నేమి జరిగెనో వాడువారికి కానరాదు. తర్కము కానవచ్చినచోట నేర్పు పెరుగును. తీర్పు మాత్రమే వినవచ్చినచోట విధేయత పెరుగును. పలకను తర్కము చూపునట్లు చేయుట అసాధ్యము కాదు. చేయింపవలెనను పట్టుదల ఉన్నదా యనునదే సందేహము.

ఇక మన గోదావరి సీమలో జరిగిన ప్రయోగమును కొంత విపులముగ చూడవలసి యున్నది. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జి ఇన్‌స్టిట్యూట్ అను పరిశోధన సంస్థ స్మార్ట్‌హెల్త్ అను పేర గుండెజబ్బు, పక్షవాతము మున్నగు అపాయములను ముందుగ గుర్తించు పద్ధతి నొకదానిని ప్రవేశపెట్టెను. ఆశా కార్యకర్త ఇంటింటికి పోయి నలుబదియేండ్లు దాటినవారి రక్తపుపోటును కొలిచి, పొగ త్రాగుదురా, షుగరు ఉన్నదా మున్నగు వివరములను పలకలో నింపును. పలక ఆ మనిషికి రానున్న యపాయము ఎంతటిదో లెక్కగట్టి చూపును. అపాయము హెచ్చుగ నున్నవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపును; అక్కడి డాక్టరు చేతిలోని పలక మందులనుగూర్చి సలహా చెప్పును. మొదట 11 గురు ఆశా కార్యకర్తలతోను, 3 గురు డాక్టర్లతోను పరీక్షించి 2014లో ఫలితములు ప్రకటించిరి. పిమ్మట 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధిలోని 54 గ్రామములలో పెద్దయెత్తున నడిపిరి.

ఆశా కార్యకర్త యనగా నెవరు? నియమము ప్రకారము ఆమె ఆ యూరనే కాపురముండు స్త్రీ. కావున సాధారణముగ ఆ యూరి కోడలు. ఊరిలో ఆమెకు గల గుర్తింపు ఫలానా వారి కోడలని. కాన్పుకు తోడు పోవుట, బిడ్డలకు టీకాలు వేయింప పిలుచుకొని వచ్చుట ఆడవారి పనిగా నెంచి మగవారు ఆమెను పలుకరించుటయే అరుదు. అట్టి కోడలి యెదుట అరుగుమీద కూర్చున్న పెద్దమనిషి చొక్కా చేయి పైకి మడిచి, పట్టీ కట్టించుకొని, ఎంత వచ్చినదమ్మా యని అడుగవలసి వచ్చుట చిన్న మార్పు కాదు. ఈ వ్యాసమును చదువువారిలో అట్టి పెద్దమనుష్యులు పలువురుందురు. మీ చేయి చాచుటవలన ఆమె స్థానము ఊరిలో ఒక మెట్టు పైకి జరిగినదని మీరు గమనించి యుండకపోవచ్చును. పని ఆశా కార్యకర్త చేతికి మారుటయే ఈ పద్ధతికి ఆయువుపట్టని 2014 నివేదికయే చెప్పినది.

అయితే ఆ నివేదికయే వేరొక మాటను కూడ చెప్పినది. వాడినవారందరును సాధనమును మెచ్చిరి గాని, డాక్టరు అందుబాటు, మందుల అందుబాటు అను రెండు అడ్డంకులవలన నిజమైన మార్పు పరిమితమయ్యెనని. 2019లో ప్రకటితమైన పెద్ద ప్రయోగపు ఫలితమును దీనితో కలిపి చదువవలెను. అపాయము హెచ్చుగ నున్నవారిలో రక్తపుపోటు అదుపునకు వచ్చినవారు, పద్ధతి అమలులో నున్నప్పుడు నూటికి 41 గురు, లేనప్పుడు 39 గురు. చెప్పదగిన భేదము లేదు.

ఈ ఫలితమును చూచి పలక వ్యర్థమనుట తొందరపాటు. మేము గ్రహించినది వేరు. పట్టీ కట్టి, "అయ్యా, తమకు పక్షవాతపు భయము హెచ్చుగ నున్నది, ఆసుపత్రికి పోవలెను" అని కోడలు చెప్పినది. అతడు కూలి మానుకొని ఆటో ఎక్కి పోయెననుకొందము. ఆనాడు డాక్టరు లేడు. లేక డాక్టరుండి పదిదినములకే మాత్రలిచ్చిరి. అవి అయిపోయిన వెనుక మరల పోవలెను. ఇట్లు రెండు మారులైనచో, మూడవ మారు ఆమె మాటను ఎవడు వినును? పలక ఆమెకు ఇచ్చిన పరువును వెనుకనున్న ఖాళీ బీరువా హరించును. డాక్టరు తప్పు చేసిన ఊరు డాక్టరును తిట్టును. పద్ధతి తప్పిన ఊరు ఎదురుగ కనబడు ఆశా వర్కరును తిట్టును. ఆమె అదే వీధిలో కాపురముండవలెను.

ఆమె హోదా సంగతి యెట్లున్నదో చూడుడు. 2005లో ఈ పథకము పుట్టినప్పటి నుండి ఆమె స్వచ్ఛంద సేవకురాలే గాని ఉద్యోగి కాదు. దేశమున పదిలక్షల మంది కలరు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారందరికిని కలిపి గౌరవ పురస్కారము ప్రకటించెను. ఆంధ్రప్రదేశమున 2019లో నెలకు పదివేల రూపాయల గౌరవవేతనము ఏర్పరుపబడెను. జీతమను మాట రానీయలేదు. చేతిలోని పలక ఆమెను వైద్యకార్యకర్తగ చూపుచున్నది. చేతికి వచ్చు కాగితము ఆమెను సేవకురాలిగనే వ్రాయుచున్నది. ఈ రెంటి నడుమ నలుగు మనిషి తానెవరని అనుకొనవలెను?

ఇంకొక పోటును చెప్పి ముందుకు పోవుదము. సలహా చెప్పుటకు వచ్చిన పలక క్రమముగ లెక్కలడుగు పలకగా మారుచున్నది. నర్సమ్మలకు గర్భిణుల యాప్ ఒకటి, షుగరు బీపీల యాప్ ఒకటి, హాజరు యాప్ ఒకటి; పాత రిజిస్టర్లు పోలేదు. తెరవైపు చూచు కన్ను రోగివైపు చూడదు. పని ముగిసెనా యని పైయధికారి యడుగునప్పుడు, నింపిన గడుల సంఖ్య కనబడును గాని, భర్త చనిపోయిన స్త్రీ యింట అరగంట కూర్చుండిన సంగతి కనబడదు. వైద్యసేవలో ఏది పనిగా లెక్కకు వచ్చునో యంత్రము నిర్ణయించుట మొదలుపెట్టినచో, సేవకురాలి మనస్సు కూడ ఆ లెక్క చొప్పుననే మారును.

ఇతర దేశముల నుండి నేర్వదగినది లేకపోలేదు. టాంజానియాలో 40 ఆరోగ్య కేంద్రములలో జరిగిన ప్రయోగమున, చేతిపలక సాయముగల చోట్ల జబ్బు పిల్లలలో నూటికి 23 గురికి మాత్రమే యాంటీబయోటిక్ మందులు వ్రాసిరనియు, మామూలు పద్ధతి నడిచిన చోట్ల 70 గురికి వ్రాసిరనియు, మందు తగ్గినందువలన పిల్లలు కోలుకొనుటకు భంగము రాలేదనియు 2024లో ప్రకటింపబడెను. మన యూళ్లలో సూది వేయనివాడు డాక్టరే కాడను నమ్మకమెంత బలమైనదో అందరెరుగుదురు. సూది అక్కరలేదని చెప్పుటకు తెలివి కంటె ధైర్యము ఎక్కువగా కావలెను. ఒంటరిగ నున్న నర్సమ్మకు "ఇందులోను అక్కరలేదనియే వచ్చుచున్నదమ్మా" అని తెర చూపు వీలున్నచో, ఆ ధైర్యము తేలికగ వచ్చును. యంత్రము వెన్నుగాచు సందర్భ మిట్టిది.

నైరోబీ నగరములో పెండా హెల్త్ అను సంస్థవారి 15 చికిత్సాలయములలో, డాక్టరు పట్టా లేని క్లినికల్ ఆఫీసర్లు కృత్రిమ మేధ సాయముతో 39,849 మంది రోగుల రాకలలో కొంత భాగమును చూచిరి. సాయము పొందినవారు వ్యాధి గుర్తించుటలో తప్పులు నూటికి 16 వంతులు, చికిత్సలో 13 వంతులు తక్కువ చేసిరని 2025లో నివేదించిరి. యంత్రమును నిర్మించిన సంస్థయే ఈ నివేదికలో భాగస్వామి. రోగులు కోలుకొనుటలో భేదము స్పష్టముగ రుజువు కాలేదు. కావున ఈ అంకెలను కొంత తగ్గించి పుచ్చుకొనుట వివేకము. అయినను అక్కడి యేర్పాటు మెచ్చదగినది. యంత్రము ముందుగ మాటలాడదు. మనిషి తన తీర్పు వ్రాసిన వెనుక చదివి, పచ్చ, పసుపు, ఎరుపు రంగులలో నొకటి చూపును. ఎరుపు వచ్చినప్పుడు మాత్రము ఆగి చూడవలెను; అప్పుడును తుదిమాట మనిషిదే. పనివారు కొంతకాలమునకు మొదటనే ఎరుపు రానట్లు వ్రాయుట నేర్చికొనిరి. ముందు తానుగ ఆలోచింపజేసి పిమ్మట దిద్దు పద్ధతి లీడ్సు వైద్యులకు ఉపకరించినదే.

ఇక జవాబుదారీ. 1995లో శాంతా కేసున సుప్రీముకోర్టు వైద్యసేవను వినియోగదారుల రక్షణ చట్టము పరిధిలోనికి తెచ్చెను. నాటి నుండి రోగి యెదుట నిలిచి సమాధానము చెప్పవలసినవాడు వైద్యుడు. 2020 మార్చిలో కేంద్రప్రభుత్వము ప్రకటించిన టెలిమెడిసిన్ నిబంధనలలో, కృత్రిమ మేధపై నడుచు సాధనములు తమంతట తాము రోగికి సలహా చెప్పుటకు గాని మందు వ్రాయుటకు గాని వీలులేదనియు, వైద్యునకు తోడుపడవచ్చుననియు స్పష్టముగ వ్రాసిరి. వైద్యునకు ఇది రక్షణము. తన సంతకము తనదే. పల్లెలో నున్న ఆశా కార్యకర్తకు, నర్సమ్మకు అట్టి స్పష్టత కావలెను. పలక పంపవద్దన్నది, ఆమె మనస్సు పంపుమన్నది. పంపినచో అనవసరముగ పంపితివని మందలింపు, పంపక బిడ్డకు అపాయమైనచో ఏల పంపలేదని విచారణ. ఈ స్థితిలో ఎవరైనను పలక చెప్పినదే చేసి చేతులు దులుపుకొందురు. వారిని అట్లు చేయు మరబొమ్మలుగ తయారుచేసి, తరువాత మానవత్వము లేదని నిందించుట న్యాయము కాదు.

పాఠకులలో గ్రామ ఆరోగ్య సంఘములలోను, ఆసుపత్రి అభివృద్ధి సంఘములలోను సభ్యులుగ నున్నవారు కొందరుందురు. క్రొత్త పలకలు వచ్చినవని సంబరముగ చెప్పునప్పుడు వారు కొన్ని సంగతులు అడుగవలెను. బీపీ మాత్రలు నెలకు సరిపడ నిలువ యున్నవా? పలక తన కారణమును తెలుగులో చెప్పునా, లేక తీర్పు మాత్రమే చెప్పునా? దీనితో పాటు ఏ రిజిస్టరును తీసివేసిరి? పలక పాడైననాడు పని యెట్లు చేయవలెనో ఆమెకు నేర్పిరా? ఇవి పెద్ద చదువులు లేకయే అడుగదగిన ప్రశ్నలు.

మరియొక యేర్పాటు ఖర్చులేనిది. సలహా వచ్చిన ప్రతి తెరమీద అడుగున ఖాళీ గడి యొకటి యుండవలెను. "నేను దీనితో ఏకీభవింపలేదు, కారణమిది" అని ఆశా కార్యకర్తయో, నర్సమ్మయో తెలుగులో వ్రాయుటకు గాని, నోటితో చెప్పి నిలుపుటకు గాని వీలుండవలెను. అట్లు వ్రాసినందుకు ఎవరును మందలింపరాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ఇప్పటికే నెలకొకసారి ఆశా డే అని జరుపుచున్నారు. ఆనాడు అందరును వచ్చి లెక్కలు అప్పగించి, మధ్యాహ్నపు బస్సునకు పోవుచున్నారు. బస్సు వేళకు ముందు ఒక గంట తీసి, డాక్టరు, నర్సమ్మ, ఆశా కార్యకర్తలు ఒకచోట కూర్చుండి ఆ గడులలోని మాటలను చదువవలెను. ఎన్నిమార్లు పలక చెప్పినది నిజమైనదో, ఎన్నిమార్లు ఆమె చెప్పినది నిజమైనదో పలకపై కాక, అందరి యెదుట గోడపై వ్రాసి పెట్టవలెను.